మజ్జ మార్పిడికి ముందు ఏ జన్యు పరీక్ష అవసరం, ఏది దండగ

సంపాదకులకు,

అయ్యా,

ఎముక మజ్జ మార్పిడి చేయించాలని డాక్టరు చెప్పిన ఇంట్లో రెండు వారాలు తిరక్కుండానే మూడు రకాల కాగితాలు పోగవుతాయి. ఒకటి ఖర్చు అంచనా. రెండోది దాత, రోగి కలుస్తారో లేదో చెప్పే హెచ్‌ఎల్‌ఏ రిపోర్టు. మూడోది విశాఖలో ఈమధ్యే కనబడుతోంది. బుగ్గ లోపల పుల్లతో రుద్ది పంపితే నలభై యాభై జన్యువులు చూసి, మార్పిడి తర్వాత రోగి బతికే అవకాశం ఎంతో చెబుతామనే ల్యాబ్ కరపత్రం అది. ఏ ల్యాబు అన్నది ఇక్కడ అనవసరం. మనిషికీ మనిషికీ జన్యువుల్లో ఉండే తేడా మార్పిడి ఫలితాన్ని మారుస్తుందన్నది నిజమే. ఏ తేడా చూడాలి, ఎప్పుడు చూడాలి, చూసి ఏం చేయాలి అన్న దగ్గరే కరపత్రం తప్పుతోంది. దాని కోసం అప్పు చేసిన కుటుంబాలు చేయించి తీరాల్సిన పరీక్షల దగ్గరికి వచ్చేసరికి చేతిలో డబ్బు లేక ఆగిపోతున్నాయి. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించాలి.

ముందు అసలు జన్యువుల సంగతి. మార్పిడి ఫలితంలో అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపే జన్యువులు ఆరో క్రోమోజోమ్ మీద ఒకచోట గుంపుగా ఉంటాయి. వాటినే హెచ్‌ఎల్‌ఏ అంటాం. వీటి జాడ పట్టినందుకే ఫ్రెంచి వైద్యుడు జాన్ దొస్సే 1980లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఎదుటి కణం తనదా పరాయిదా అని తెల్ల కణాలు తేల్చుకునేది వీటి గుర్తుతోనే. కిడ్నీ మార్పిడిలో రోగి శరీరం కొత్త కిడ్నీని తిప్పికొడుతుందేమోనని భయం. మజ్జ మార్పిడిలో భయం రెండు వైపులా ఉంటుంది. రోగి శరీరం దాత కణాలను తిప్పికొట్టవచ్చు. దాత కణాలే రోగి చర్మాన్ని, పేగును, కాలేయాన్ని పరాయివిగా చూసి పీక్కు తినవచ్చు. ఈ రెండోదే జీవీహెచ్‌డీ. అరచేతుల్లో, చెవుల వెనక ఎర్రటి దద్దుతో మొదలవుతుంది. ముదిరితే రోజుకు లీటరున్నర దాటి నీళ్ల విరేచనాలు, పచ్చబడ్డ కళ్లు. ఆ దశలో స్టెరాయిడ్ పనిచేయకపోతే రోగిని దక్కించుకోవడం చాలా కష్టం.

అందుకే హెచ్‌ఎల్‌ఏ రిపోర్టులో 'మ్యాచ్' అన్న ఒక్క మాట చూసి మడిచి బీరువాలో పెట్టేయకండి. అంకెలు చూడండి. 'ఎ*02' అని అక్కడితో ఆగిపోతే అది పైపైన చూసిన పరీక్ష. 'ఎ*02:11' అని రెండు చుక్కల తర్వాత మరో రెండంకెలు ఉంటే అది హై రిజల్యూషన్. ఎ*02 అన్న ఇంటిపేరు కింద వందల రకాలున్నాయి. యూరప్ జనాల్లో 02:01 ఎక్కువ, మనవాళ్లలో 02:11 తరచూ కనబడుతుంది. రోగికి 02:11, బయటి దాతకు 02:01 ఉంటే పైపై పరీక్షలో ఇద్దరూ ఎ2 కిందే లెక్క, మ్యాచ్ అనే వస్తుంది. దాత కణాలు మాత్రం ఆ తేడాను పట్టేస్తాయి. ఇంటిపేరు ఒకటే కదా అని పెళ్లి సంబంధం కుదిర్చేసినట్టు ఉంటుంది వ్యవహారం.

ఎ, బి, సి, డీఆర్‌బీ1 అనే నాలుగు జన్యువులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ఎనిమిది. ఎనిమిదీ కలిస్తే 8/8. డీక్యూబీ1 కూడా చూస్తే 10/10. డీపీబీ1 కూడా చేరిస్తే 12/12. బయటి దాతలతో జరిగిన 3,857 మార్పిడులను అమెరికాలో పరిశీలించి 2007లో ప్రచురించిన లెక్క ఇది: ఎనిమిదికి ఎనిమిది కలిసినవాళ్లలో ఏడాది తర్వాత బతికున్నవాళ్లు 52 శాతం, ఒక్కటి తేడా వచ్చినవాళ్లలో 43 శాతం. ఒక్క గుర్తు తేడాకు వందమందిలో తొమ్మిది ప్రాణాలు. అవి 1988 నుంచి 2003 దాకా జరిగిన మార్పిడులు. మందులు ఇప్పుడు మెరుగయ్యాయి, మార్పిడి తర్వాత మూడు, నాలుగు రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇచ్చే పద్ధతి వచ్చాక ఆ తేడా తగ్గింది కూడా. అయినా జన్యు తేడాల్లో ఇంత స్పష్టంగా, దేశాలు మారినా కాలం మారినా నిలబడ్డ తేడా మరొకటి లేదు. కరపత్రంలోని నలభై జన్యువులు కలిపినా దీని పక్కకు రావు.

తోబుట్టువుల సంగతి. ఈ జన్యువులు విడివిడిగా కాకుండా సాధారణంగా ఒక కట్టగా పిల్లలకు వస్తాయి. తల్లి దగ్గర రెండు కట్టలు, తండ్రి దగ్గర రెండు. బిడ్డకు అటొకటి, ఇటొకటి. కాబట్టి ఒక తోబుట్టువు పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. ఇద్దరుంటే ఎవరో ఒకరు కలిసే అవకాశం 44, ముగ్గురుంటే 58, నలుగురుంటే 68 శాతం. నలుగురిలో ఒకరికి తప్పకుండా కలుస్తుందని కాదు. నలుగురు అన్నదమ్ముల్లో ఒక్కరూ కలవని ఇళ్లున్నాయి, ఉన్న ఒక్క చెల్లెలే కలిసిన ఇళ్లూ ఉన్నాయి. తల్లి, తండ్రి సాధారణంగా సగమే కలుస్తారు. మేనరికాల్లో ఈ లెక్క మారుతుంది. భార్యాభర్తలిద్దరికీ తాతముత్తాతలు ఒకరే అయినప్పుడు అదే కట్ట రెండు వైపులా ఉండవచ్చు. అప్పుడు తల్లో, తండ్రో, మేనమామో పూర్తిగా కలిసే సందర్భాలొస్తాయి. అందుకని చుట్టాలందరినీ బస్సెక్కించి పరీక్షకు తీసుకురానక్కర్లేదు. ముందు రోగికి, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు చేయించాలి. తల్లిదండ్రుల రిపోర్టుల్లో ఒకే కట్ట కనబడితేనే ఆ వైపు చుట్టాల దగ్గరికి వెళ్లాలి. తల్లిదండ్రుల రిపోర్టు పక్కనుంటే పిల్లల్లో ఏ కట్ట ఎటునుంచి వచ్చిందో ఖాయంగా తెలుస్తుంది, తప్పులు కూడా అక్కడే బయటపడతాయి.

తప్పులు ఎక్కడ జరుగుతాయో చెప్పాలి, ఎందుకంటే ఇది యంత్రం లోపం కన్నా చేతి లోపమే ఎక్కువసార్లు. ఒకే రోజు అన్నకూ తమ్ముడికీ రక్తం తీసి, ట్యూబులన్నీ పక్కన పెట్టుకుని తర్వాత తీరిగ్గా పేర్లు రాయడం మొదటిది. పేరు, పుట్టిన తేదీ మంచం పక్కనే, రక్తం తీసిన వెంటనే రాయాలి. మార్పిడికి ముందు దాతకూ రోగికీ మళ్లీ కొత్త శాంపిల్ తీసి రెండోసారి సరిచూడటం అందుకే. 'ఒకసారి చేశాం కదా, మళ్లీ డబ్బులెందుకు' అని వాదించే చోటు ఇది కాదు. రెండో తప్పు రక్త క్యాన్సర్ రోగుల్లో వస్తుంది. రక్తం నిండా క్యాన్సర్ కణాలున్నప్పుడు, కొన్నిసార్లు ఆ కణాలు ఆరో క్రోమోజోమ్‌లో ఒక ముక్క పోగొట్టుకుని ఉంటాయి. అప్పుడు రెండు కట్టలున్న మనిషికి ఒకటే ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. ఎక్కడైనా రెండు రకాలు రావాల్సిన చోట వరసగా ఒకే రకం కనబడితే బుగ్గ శాంపిల్‌తోనో, వ్యాధి అదుపులోకి వచ్చాక తీసిన రక్తంతోనో మళ్లీ చూడాలి.

బుగ్గ శాంపిల్ మన ఊరి ఉక్కలో పాడయ్యేది కూడా చిన్న నిర్లక్ష్యంతోనే. తిన్నాక, టీ తాగాక, కిళ్లీ వేసుకున్నాక వెంటనే తీయకూడదు. నీళ్లు పుక్కిలించి అరగంట ఆగాలి. పుల్లను చెంప లోపలి వైపు గట్టిగా తిప్పుతూ అర నిమిషం రుద్దాలి, ఒక్కో చెంపకు వేరే పుల్ల. ఉమ్మి కాదు కావాల్సింది, చర్మపు పొర కణాలు. తర్వాత పుల్లను గాలికి పూర్తిగా ఆరనిచ్చి కాగితం కవరులో పెట్టాలి. తడిగానే ప్లాస్టిక్ సంచిలో మూసేస్తే ల్యాబు చేరేలోగా బూజు పడుతుంది, డీఎన్ఏ ముక్కలైపోతుంది.

ఇప్పుడు కరపత్రం దగ్గరికి వద్దాం. హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసినా కొందరికి జీవీహెచ్‌డీ వస్తుంది, కొందరు ఇన్‌ఫెక్షన్లతో పోతారు. ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు మిగతా జన్యువుల్లో ఉంటుందని ఏళ్ల తరబడి ప్రపంచమంతా వెదికారు. పేగులోని బ్యాక్టీరియాను గుర్తుపట్టే నాడ్2 అనే జన్యువు అందులో పేరు మోసింది. అందులో మూడు రకాల మార్పులున్న రోగులు, దాతల్లో మరణాలు ఎక్కువని 2004లో జర్మనీ బృందం చెప్పింది. ఐఎల్-10, టీఎన్ఎఫ్ లాంటి ఎన్నో జన్యువుల మీద కూడా వ్యాసాలొచ్చాయి. చాలావాటిలో రోగుల సంఖ్య వంద, రెండు వందలు. ఒకరికి ల్యుకేమియా, ఒకరికి లింఫోమా, ఒకరికి రేడియేషన్ ఇచ్చారు, ఇంకొకరికి ఇవ్వలేదు. ఇలాంటి కలగాపులగంలో ఇరవై జన్యువులు పరీక్షిస్తే, ఏ సంబంధమూ లేకపోయినా కాకతాళీయంగా ఒకటి 'పాజిటివ్' అని తేలుతుంది. లెక్కల స్వభావమే అంత. ఆ ఒకటి అచ్చవుతుంది, మిగతా పంతొమ్మిది అరలోనే ఉండిపోతాయి.

ఈ పేర్లన్నిటినీ ఒక పెద్ద గుంపులో పెట్టి పరీక్షించాలని అమెరికా పరిశోధకులు పూనుకున్నారు. 2000 నుంచి 2011 వరకు ల్యుకేమియాకు, ఎండీఎస్ అనే మజ్జ జబ్బుకు బయటి దాతతో మార్పిడి జరిగిన దాదాపు 3,000 మంది రోగులు, వారి దాతలు. ఫలితం 2017లో వచ్చింది. అంతకు ముందు మరణాలతో ముడిపెట్టి అచ్చయిన జన్యు మార్పుల్లో దాదాపు ఏవీ నిలబడలేదు. నాడ్2 కూడా. అంటే జన్యువులకు సంబంధమే లేదని కాదు. ఒక్కో మార్పు చూపే ప్రభావం ఉంటే అది చాలా చిన్నదని, మంచం మీదున్న ఒక్క మనిషి విషయంలో నిర్ణయం తీసుకోవడానికి పనికిరాదని. పైగా ఆ నాడ్2 మార్పులు మూడూ యూరప్ జనాల్లో ఉండేవి, మన దేశంలో చాలా అరుదు. దీని మజా చూడండి. విశాఖలో వందమందికి ఆ పరీక్ష చేస్తే ఇంచుమించు వందమందికీ 'నార్మల్, లో రిస్క్' అని ముద్ర పడుతుంది. ప్రతి ఒక్కరికీ ఒకటే జవాబు చెప్పే పరీక్ష చేయించినా ఒకటే, చేయించకపోయినా ఒకటే. ఎరుపు రంగులో 'హై రిస్క్' ముద్ర పడితే నష్టం ఇంకా పెద్దది. దాన్ని చూసి మార్పిడి వాయిదా వేసుకుని, ఆ మధ్యలో ల్యుకేమియా తిరగబెడితే మళ్లీ మొదటికి వచ్చినట్టే. దాతను ఎంచుకునేటప్పుడు హెచ్‌ఎల్‌ఏ తర్వాత చూడాల్సింది దాత వయసు. ఇద్దరు దాతలు సమానంగా కలిస్తే చిన్న వయసువారిని ఎంచుకోవడం మేలని దాతల పేర్లు నమోదు చేసే పెద్ద రిజిస్ట్రీల లెక్కలు మళ్లీ మళ్లీ చెబుతున్నాయి. దానికి ల్యాబ్ అక్కర్లేదు, ఆధార్ కార్డు చాలు.

మరి పనికొచ్చే జన్యు తేడాలు లేవా అంటే ఉన్నాయి. అవి ఎక్కువగా మందులు అరిగే తీరుకు సంబంధించినవి. జీవీహెచ్‌డీ రాకుండా ఇచ్చే టాక్రోలిమస్‌ను కాలేయం, పేగు కలిసి సీవైపీ3ఏ5 అనే ఎంజైముతో విరగ్గొడతాయి. మన దేశంలో దాదాపు సగం మందిలో ఈ ఎంజైము పనిచేస్తుంది, మిగతా సగంలో చేయదు. పనిచేసేవాళ్లకు మామూలు డోసుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు కావాలి. అది తెలియక మొదటి రెండు వారాలు రక్తంలో మందు లెవెల్ అందకపోతే, జీవీహెచ్‌డీ పుట్టేది సరిగ్గా ఆ వారాల్లోనే. ఫంగస్‌కు ఇచ్చే వోరికొనజోల్ మరో ఎంజైము, సీవైపీ2సీ19 మీద ఆధారపడుతుంది. మనలో పది మందిలో ఒకరిద్దరికి అది పనిచేయదు, మందు పేరుకుని భ్రమలు, కాలేయం వాపు వస్తాయి. ఇక ఈ రెండు మందులూ కలిస్తే మరో తిరకాసు. వోరికొనజోల్ మొదలుపెట్టిన రోజే టాక్రోలిమస్ డోసును మూడో వంతుకు తగ్గించాలి, లేకపోతే కిడ్నీ దెబ్బతింటుంది. వోరికొనజోల్ ఆపినప్పుడు తిరిగి పెంచడం మరిచిపోవడం ఇంకా ఎక్కువగా జరిగే పొరపాటు. డిశ్చార్జి అయి ఇంటికెళ్లాక ఊళ్లో డాక్టరు ఫంగస్ మందు ఆపేస్తారు, టాక్రోలిమస్ లెవెల్ పడిపోతుంది, పది రోజులకు ఒంటినిండా దద్దుతో మళ్లీ వస్తారు.

ఇక్కడ కూడా జన్యు పరీక్ష కన్నా మందు లెవెల్ పరీక్ష మిన్న. జన్యువు మొదటి డోసు ఎంత అన్నదానికి పనికొస్తుంది. ఆ తర్వాత దారి చూపేది లెవెలే. కానీ లెవెల్ సరిగ్గా తీయాలి. ఉదయం మాత్ర వేసుకోకముందు, ముందురోజు రాత్రి డోసుకు పన్నెండు గంటల తర్వాత రక్తం ఇవ్వాలి. గాజువాక నుంచో అనకాపల్లి నుంచో బయల్దేరుతూ అలవాటుగా మాత్ర మింగేసి వచ్చి రక్తం ఇస్తే లెవెల్ లేనిపోనిదిగా ఎక్కువ వస్తుంది, డాక్టరు డోసు తగ్గిస్తారు, అసలు లెవెల్ అడుగంటుతుంది. మాత్ర జేబులో పెట్టుకుని రండి, రక్తం ఇచ్చాక వేసుకోండి. వార్డులో టాక్రోలిమస్ ఎక్కించిన లైను నుంచే శాంపిల్ తీయడమూ అంతే తప్పు. మందు గొట్టం గోడలకు అంటుకుని ఉంటుంది. వేరే లైను నుంచో, చేతి నరం నుంచో తీయాలి.

మన దక్షిణాదిలోనే తేలిన ఒక జన్యు తేడా కూడా ఉంది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు థలసీమియా పిల్లల్లో, మార్పిడికి ముందు పాత మజ్జను తుడిచే బుసల్ఫాన్ మందు ఇచ్చాక కాలేయం వాచి, పొట్టలో నీరు చేరి ప్రాణం మీదికొచ్చే సమస్యను పరిశీలించారు. జీఎస్‌టీఎం1 అనే జన్యువు పుట్టుకతో మొత్తంగానే లేని పిల్లల్లో ఇది ఎక్కువని 2004లో చూపించారు. ఆ జన్యువు లేకపోవడం జబ్బు కాదు, ఆరోగ్యవంతుల్లోనూ చాలామందికి ఉండదు. ఈ తెలివిడి తర్వాత వచ్చిన మార్పు మాత్రం జన్యు పరీక్ష కాదు. బుసల్ఫాన్ లెవెల్ కొలిచి డోసు సర్దడం, ముప్పు ఎక్కువున్న పిల్లలకు దాని బదులు ట్రియోసల్ఫాన్ ఇవ్వడం. మంచి జన్యు పరిశోధన చివరికి ఎక్కడ తేలాలో అక్కడ తేలింది.

కరపత్రాల్లో ఎక్కడా కనబడని చిక్కు ఇంకొకటుంది. మార్పిడి కుదురుకున్నాక రోగి రక్తంలో ఉండేది దాత డీఎన్ఏ. కాలేయం, పేగు మాత్రం రోగివే. టాక్రోలిమస్ ఎందుకు అందడం లేదో తెలుసుకుందామని మార్పిడి తర్వాత రక్తం తీసి సీవైపీ3ఏ5 పరీక్షకు పంపితే వచ్చేది దాత అయిన అన్న కాలేయం రిపోర్టు, రోగి అయిన తమ్ముడిది కాదు. బుగ్గ శాంపిల్ కూడా నమ్మలేం, నోట్లోకి దాత తెల్ల కణాలు వచ్చి కలుస్తాయి. ఏ జన్యు పరీక్షయినా మార్పిడికి ముందే చేయాలి, లేదా డీఎన్ఏ తీసి ల్యాబులో దాచిపెట్టమని ముందే అడగాలి. తప్పనిసరైతే వెంట్రుక కుదుళ్లో, చర్మపు ముక్కో వాడాలి. ఇదే తిరగేస్తే జీ6పీడీ సంగతి. ఎర్ర కణాల్లో ఈ ఎంజైము లోపం ఉన్నవాళ్లు మన ఏజెన్సీలోనూ, కోస్తాలోనూ ఉన్నారు. మార్పిడి తర్వాత రోగి ఎర్ర కణాలు దాతవి కాబట్టి చూడాల్సింది దాత జీ6పీడీ. దాతకు లోపం ఉంటే, ఆర్నెల్ల తర్వాత, ఇన్‌ఫెక్షన్ రాకుండా ఇచ్చే సెప్ట్రాన్ పడలేదని దాని బదులు డాప్సోన్ రాసినప్పుడు రోగికి ఎర్ర కణాలు పగిలి మూత్రం నల్లబడుతుంది.

డబ్బు పెట్టి తీరాల్సిన జన్యు పరీక్ష ఏదంటే పిల్లల్లో, యువకుల్లో మజ్జ ఎండిపోయే ఎప్లాస్టిక్ ఎనీమియా వచ్చినప్పుడు, అది పుట్టుకతో వచ్చే ఫాంకోని ఎనీమియా కాదని తేల్చుకునే పరీక్ష. మజ్జ ఎండిపోయిన తీరు రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది. బొటనవేలు చిన్నదిగా ఉండటం, ఒంటిమీద కాఫీ రంగు మచ్చలు, పొట్టితనం లాంటి గుర్తులుంటే తెలుస్తుంది, ఏ గుర్తూ లేని పిల్లలూ చాలామంది. మామూలు ఎప్లాస్టిక్ ఎనీమియాకు మార్పిడి ముందు సైక్లోఫాస్ఫమైడ్ కిలో బరువుకు మొత్తం 200 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. ఫాంకోని కణాలు డీఎన్ఏ దెబ్బను సరిచేసుకోలేవు, వాళ్లకు కిలోకు మొత్తం 20 నుంచి 60 మిల్లీగ్రాములే. తెలియక పూర్తి డోసు ఇస్తే నోరు, పేగు, మూత్రాశయం చర్మం ఊడిపోయి పిల్లవాడు దక్కడు. ఇది తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా రావాల్సిన జబ్బు, మేనరికం ఉన్నచోట ఎక్కువ. పైకి ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువుకూ ఉండవచ్చు. కాబట్టి దాతకు కూడా అదే పరీక్ష చేయాలి. జబ్బున్న మజ్జనే జబ్బున్న పిల్లవాడికి పెట్టిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

ఈ పరీక్ష హెచ్‌ఎల్‌ఏ పరీక్షలాంటిది కాదు. హెచ్‌ఎల్‌ఏకు ఊదా మూత ఈడీటీఏ ట్యూబు చాలు, డీఎన్ఏ రెండు మూడు రోజులు ఆగుతుంది. ఫాంకోనిని పట్టే ఈ క్రోమోజోమ్ విరుపు పరీక్షకు బతికున్న కణాలు కావాలి. పచ్చ మూత హెపారిన్ ట్యూబులో తీసి, ఐసు తగలకుండా, 24 నుంచి 48 గంటల్లో ల్యాబు చేరాలి. శనివారం సాయంత్రం తీసిన శాంపిల్ ఆదివారమంతా కొరియరు గోడౌన్‌లో పడుంటే సోమవారం కణాలు పెరగవు, 'టెస్టు ఫెయిల్' అని రిపోర్టొస్తుంది. ఇలాంటివి సోమవారమో, మంగళవారమో తీయించండి.

చుట్టాల రక్తం గురించి ఒక మాట. మన దగ్గర రోగికి రక్తం కావాలంటే అన్న, బావమరిది, పిన్ని కొడుకు బ్లడ్ బ్యాంకు ముందు వరస కడతారు. ప్రేమే, కాదనం. మార్పిడి అవసరం పడవచ్చని అనుమానం ఉన్న రోగికి మాత్రం రక్తసంబంధీకుల రక్తం ఎక్కించకూడదు. రేపు దాత కావాల్సిన అన్న కణాల మీద రోగి ఒంట్లో ముందే యాంటీబాడీలు తయారవుతాయి, మజ్జ పెట్టినా నిలవదు. రక్తసంబంధం వల్ల హెచ్‌ఎల్‌ఏ సగం కలిసినప్పుడు, ఎక్కించిన రక్తంలోని తెల్ల కణాలే జీవీహెచ్‌డీ తెచ్చి చంపగలవు కూడా. ఆ అన్నదమ్ములు రక్తం ఇవ్వాల్సిందే, బ్యాంకు నిల్వ కోసం, మరో రోగి కోసం. ఈ రోగికి బయటివారిది, తెల్ల కణాలు వడకట్టి రేడియేషన్ ఇచ్చినది కావాలి. సగమే కలిసిన దాతతో చేసే హాఫ్ మ్యాచ్ మార్పిడికి వెళ్లేవాళ్లు దాత మీద యాంటీబాడీలున్నాయా అని డీఎస్ఏ పరీక్ష చేయించుకోకుండా ముందుకు పోకూడదు. చాలాసార్లు రక్తం ఎక్కిన థలసీమియా పిల్లల్లో, చాలా కాన్పులైన స్త్రీలలో ఇవి ఎక్కువ. కరపత్రం డబ్బుతో ఈ పరీక్ష చేయించుకోవచ్చు.

థలసీమియా పిల్లల విషయంలోనైతే జన్యువు కన్నా కాలేయం మీద పెట్టిన చెయ్యి ఎక్కువ చెబుతుంది. ఇటలీలోని పెసారో వైద్యులు చేసిన వర్గీకరణకు మూడే ప్రశ్నలు. కాలేయం పక్కటెముక కింద రెండు సెంటీమీటర్లకు మించి దిగిందా, కాలేయంలో మచ్చ కట్టిందా, ఐరన్ దించే మందు సక్రమంగా వాడారా. మూడింటికీ చెడ్డ జవాబే వస్తే మూడో తరగతి. వేలూరువాళ్లు దీనికి ఇంకొకటి చేర్చారు. వయసు ఏడేళ్లు నిండి, కాలేయం అయిదు సెంటీమీటర్లు దిగిన పిల్లలకు ముప్పు మరీ ఎక్కువ. జన్యువును మనం మార్చలేం, ఐరన్ దించే డిఫెరాసిరాక్స్ రోజూ వేయడం మన చేతిలో ఉంది. పాడేరు, అరకు ప్రాంతాల్లో కనబడే సికిల్ సెల్‌కూ సూత్రం ఇదే, అవయవాలు చెడకముందే తోబుట్టువులకు హెచ్‌ఎల్‌ఏ చూడాలి. థలసీమియా గానీ సికిల్ సెల్ గానీ, రెండింటిలో ఒక్క జన్యువులోనే లోపం ఉండి జబ్బు లేని తోబుట్టువు (క్యారియర్) దాతగా పనికొస్తాడు. 'వాడికీ కొంచెం ఉంది, ఎలా ఇస్తాడు' అని పరీక్షే చేయించని ఇళ్లున్నాయి. థలసీమియాకు, ఎప్లాస్టిక్ ఎనీమియాకు కోల్ ఇండియా వారి థలసీమియా బాల్ సేవా యోజన కింద ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో 10 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. ఇంట్లో మ్యాచ్ దొరికిన పిల్లలు అడిగి చూడాలి.

ఇంట్లో దాత లేనివాళ్లకు మిగిలేది రిజిస్ట్రీ. ప్రపంచ రిజిస్ట్రీల్లో నాలుగు కోట్లకు పైగా దాతలున్నా వాళ్లలో ఎక్కువమంది యూరప్ సంతతి. తెలుగు రోగికి కలిసే కట్ట తెలుగు ఇళ్లలోనే దొరికే అవకాశం ఎక్కువ. మన కులాలు తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల కొన్ని కట్టలు కొన్ని సమాజాల్లోనే తిరుగుతుంటాయి. చెన్నై కేంద్రంగా 2009 నుంచి పనిచేస్తున్న దాత్రి లాంటి రిజిస్ట్రీలో పేరివ్వడానికి బుగ్గ శాంపిల్ చాలు. కష్టం పేరివ్వడంలో లేదు, పిలుపొచ్చిన రోజు మాట నిలబెట్టుకోవడంలో ఉంది. దాతకు మూలకణాలను రక్తంలోకి రప్పించే జీ-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్లు నాలుగైదు రోజులు, ఒళ్లు నొప్పులు, తర్వాత నాలుగైదు గంటలు యంత్రం పక్కన. రోగికి అప్పటికే కండిషనింగ్, అంటే మార్పిడికి ముందిచ్చే గట్టి మందులు, మొదలై మజ్జ పూర్తిగా తుడిచేసి ఉంటుంది. 'మా అమ్మ వద్దంది' అని ఆ వారంలో దాత వెనక్కి తగ్గితే రోగికి తిరిగిపోయే దారి లేదు. సందేహం ఉంటే మొదటి ఫోనులోనే కాదని చెప్పడం మేలు, ఇంకొకరిని వెదుక్కుంటారు.

మజ్జను తుంటి ఎముక నుంచి తీసే పద్ధతిలో దాతకు మత్తు ఇస్తారు కాబట్టి ఇంకో చిన్న విషయం. వైశ్య సమాజంలో కొందరికి సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము పుట్టుకతో తక్కువ. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను వదులు చేసే సక్సినైల్‌కోలిన్ ఇస్తే మామూలుగా నిమిషాల్లో తిరిగిరావాల్సిన ఊపిరి గంటల తరబడి రాదు, వెంటిలేటరు మీద ఉంచాల్సి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మత్తు దిగడం ఆలస్యమైందా అని దాతను ముందే అడిగితే సరిపోతుంది, మత్తు డాక్టరు వేరే మందు వాడతారు. మన నేలకు సంబంధించిన జన్యు సమాచారం అంటే ఇది, ఎక్కడో యూరప్ జనాల నాడ్2 కాదు.

మీ పత్రిక ఆరోగ్య పేజీకి ఒక విన్నపం. జన్యు పరీక్షల ప్రకటనలు వేసేటప్పుడు ల్యాబువాళ్లను మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు కూడా పక్కనే అచ్చువేయండి. ఈ ఫలితాన్ని వేరే పెద్ద గుంపులో ఎవరు సరిచూశారు? ఆ మార్పు మన జనంలో ఎంతమందిలో ఉంది? రిపోర్టు ఏదొచ్చినా వైద్యంలో మారేదేమిటి? కుటుంబాలు మొదటిసారి ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరును కలిసేటప్పుడు కరపత్రం ఇంట్లో వదిలేసి ఇవి పట్టుకెళ్తే చాలు: అందరి హెచ్‌ఎల్‌ఏ రిపోర్టుల అసలు కాగితాలు, ఇప్పటిదాకా ఎక్కిన రక్తం సంచుల లెక్క, అందులో చుట్టాలవి ఎన్నో, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చివరి రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ, ఇంట్లో మేనరికాలు ఎక్కడెక్కడ జరిగాయో గీసిన వంశవృక్షం. ఈ చివరిది అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టుకుని గీయించండి.

ఇట్లు,
రక్తవ్యాధులు, మూలకణ మార్పిడి, హెచ్‌ఎల్‌ఏ ల్యాబ్ విభాగాల్లో పనిచేస్తున్న కొందరు,
విశాఖపట్నం